తలుపు దగ్గరగా వేయండి

తాళాల మేస్త్రీని వీధి వీధంతా అటోఇటో అనే పిలిచేది. ఏ విషయమైనా అటో ఇటో తేలాలి, మధ్యలో నానకూడదు, అదీ ఆయన పట్టు. తలలో ఒక్క తెల్లవెంట్రుక కనబడిందని గుండు చేయించుకున్నాడు. పొద్దుటి నడకకు ఒకనాడు వెళ్ళడం కుదరకపోతే నడకే మానేశాడు. కూరలో ఉప్పు కాస్త ఎక్కువైతే గిన్నె గిన్నెంతా కుమ్మరించి ఆ పూట పస్తుండేవాడు. ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉంటాయి. కానీ సొంత తమ్ముడు ఒకసారి ఫోన్ ఎత్తలేదని, అసలు తనకు తమ్ముడే లేడని తేల్చేసుకున్నాడు చూడండి, అది మాత్రం నవ్వులాట కాదు.

కాపురానికి వచ్చిన నాటి నుంచీ భార్య ఆయనకు ఒకే మాట చెబుతోంది.

"ఏమండీ, తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి."

"దగ్గరగా అంటే? మూయడమా, తెరవడమా?"

"దగ్గరగా వేయడం."

ఆ ముక్క ఆయన బుర్రకెక్కలేదు. తలుపన్నాక మూస్తే తాళం పడాలి, తెరిస్తే గోడకు తగలాలి.

అలాంటి మనిషికి కూతురు ఒకరోజు చల్లగా చెప్పింది, పక్క ఊరి గాజు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందనీ, సగం వారం అక్కడా సగం వారం ఇక్కడా ఉంటాననీ.

"సగమేమిటి సగం? ఉంటే ఇంట్లో ఉండు, పోతే పూర్తిగా పో. అటో ఇటో తేల్చెయ్," అన్నాడు మేస్త్రీ.

"సోమవారం చేరాలి. అందాకా నువ్వే తేల్చు నాన్నా," అని ఆ పిల్ల కుర్చీ తెచ్చి సరిగ్గా గడప మీద అడ్డంగా వేసుకుని కూర్చుంది. కుర్చీ ఎడమ కాళ్ళు బయట, కుడి కాళ్ళు లోపల.

తండ్రికి తగ్గ కూతురు. అక్కడే తిండి, అక్కడే నిద్ర. తల్లి లోపలి నుంచి కంచం అందిస్తే పక్కింటి పిన్ని బయటి నుంచి కాఫీ అందించేది. వాన పడితే ఎడమ సగమే తడిసేది. జలుబు చేసింది, అదీ ఎడమ ముక్కుకే. జనాభా లెక్కల గుమస్తా వచ్చి, ఆమెను అటునుంచీ ఇటునుంచీ చూసి, ఇంట్లో రెండున్నర మంది అని రాసుకుపోయాడు.

తాళాల మేస్త్రీ ఇంటికి తలుపే పడదన్న కబురు బజారంతా పాకింది. ఒక మిట్టమధ్యాహ్నం దొంగ కూడా వచ్చాడు. బార్లా తెరిచిన తలుపును చూసి ఉసూరుమన్నాడు.

"మేస్త్రీ గారూ, మీ తాళం తీస్తే నాలుగు చోట్ల పేరొస్తుందని ఇంత దూరం వచ్చాను. ఇలా తెరిచి పెట్టుకుంటే మా పనికి మర్యాదేముంది?" అని చీవాట్లు పెట్టి, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

మేస్త్రీకి తల కొట్టేసినట్టయింది. ఆ ఉక్రోషంలోనే పిడికిట్లో పట్టనంత తాళంకప్ప ఒకటి తయారుచేశాడు. దానికి ఒకటే తాళంచెవి.

"గడప దాటిందంటే ఇది పడుతుంది. ఆపైన నాకు కూతురు లేదు," అన్నాడు.

భార్యకు తెలుసు. అన్నంత పనీ చేసే మనిషి. మరిది మొహం ఎలా ఉంటుందో ఆమె ఎప్పుడో మరిచిపోయింది.

సోమవారం పొద్దున్నే కూతురు లేచి, సంచీ భుజాన వేసుకుని, కుర్చీ పక్కకు జరిపింది.

"వెళ్ళొస్తా నాన్నా."

"వెళ్తున్నావా, వస్తున్నావా? అటో ఇటో చెప్పు."

"రోజూ కొట్టుకు వెళ్ళేటప్పుడు నువ్వు అమ్మకు ఏమని చెబుతావు?"

పెళ్ళయిన నాటి నుంచీ గడప దిగుతూ మేస్త్రీ అనేది ‘వస్తా’ అనే. కాళ్ళు పోతుంటాయి, నోరు వస్తానంటుంది. ఒక్కనాడైనా పోతున్నానని అనలేదు.

కూతురు వీధి మలుపు తిరిగింది. గడప ఖాళీ అయింది. ఇక తలుపు పడుతుంది. చేతిలో తాళంకప్ప బరువుగా ఉంది. మేస్త్రీకి భయమేసింది, నిజంగానే భయమేసింది.

"ఏమే, దగ్గరగా అంటే ఎంత?"

భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "గాలికి తెరుచుకోకూడదు. మనవాళ్ళు తోస్తే తెరుచుకోవాలి. అంతే."

అంతే అనడం తేలికే. గట్టిగా తోస్తే గడియ పడిపోతోంది, వదిలితే గాలికి బార్లా తెరుచుకుంటోంది. కొట్టు మానేసి ఆ రోజంతా తలుపుతో కుస్తీ పట్టాడు. ఆఖరికి తనే గడప మీద కుర్చీ వేసుకుని, తలుపును చేత్తో పట్టుకు కూర్చున్నాడు. వానొచ్చి ఎడమ సగం తడిసింది. మర్నాడు గానీ ఉపాయం తట్టలేదు. తలుపు చేరవేసి, వెనకాల నేల మీద ఆ తాళంకప్పను ఆనించి పెట్టాడు.

గురువారం సాయంత్రం కూతురు తలుపు మీద చెయ్యి వేసింది. తాళంకప్ప కీచుమంటూ జరిగి దారిచ్చింది. లోపల తండ్రి ఫోన్ చెవికి ఆనించుకుని, ఎడమ ముక్కు ఎగబీలుస్తూ కూర్చున్నాడు.

"ఎవరికి నాన్నా?"

"మీ బాబాయికి. ఎత్తడం లేదు."

కూతురు సంచీ దించబోయి ఆగింది. "మరి?"

"ఏదో పనిలో ఉండుంటాడులే. కాసేపాగి మళ్ళీ చేస్తా," అన్నాడు అటోఇటో. "నువ్వు ముందు ఆ తలుపు దగ్గరగా వేసి రా."