కుట్టుగదిలో మంచం

భర్త యసునోరి ఉద్యోగం నుంచి రిటైరైనప్పటినుంచీ మిత్సుయోకి ఇంట్లో ఊపిరాడటం లేదు. కూరగాయలకు బయల్దేరితే "నేనూ వస్తా" అంటాడు. తపాలాఫీసుకి వెళ్తుంటే "నేనూ." ఆఖరికి చెత్త పారేయడానికి గడప దాటినా వెనకాలే చెప్పులు వెతుక్కుంటాడు. ఇలాంటి మగవాళ్లకి వీధిలో ఆడవాళ్లు పెట్టిన పేరొకటుంది, తడాకు. తడిసిన రాలుటాకు ఎంత ఊడ్చినా చీపురునే పట్టుకుని వేలాడుతుంది. ఆ మాటకి మిత్సుయో కూడా ఒకప్పుడు పడీ పడీ నవ్వింది. ఆ తడాకు తన ఇంట్లోకే వచ్చాక నవ్వు రావడం మానేసింది.

ఆమె కోరిక ఒక్కటే. కుట్టుమిషను ఉన్న చిన్నగదిలో తనొక్కతే పడుకోవాలి. నేలమీద ఫుటాన్ పరుపు వేసి, పొద్దున్నే మడిచి అలమరలో పెట్టడానికి మోకాళ్లు ఒప్పుకోవడం లేదు. పరుపు కిందకి మంచంలాంటి చెక్క చట్రం ఒకటి కొనుక్కుంటే వంగక్కర్లేదు, మడవక్కర్లేదు. ఆయనతో అలాగే చెప్పింది. మోకాళ్ల మాట నిజమే గానీ, అది సగం నిజం.

మంచాల కొట్టుకి కూడా "నేనూ వస్తా" అన్నాడు.

వచ్చినవాడు ఊరుకోక, ఇద్దరికి సరిపోయే చట్రం మీద బూట్లు విప్పి మరీ నడుం వాల్చాడు. "ఇదిగో, ఇలా రా. భలే ఉంది! బద్దల సందుల్లోంచి గాలాడుతుందట, పరుపు బూజు పట్టదట. పెద్దగదిలో వేసేద్దాం. పొద్దున్నే 'లేవండి, పరుపు మడవాలి' అని నా ప్రాణం తియ్యక్కర్లేదు నువ్వు."

ఆయన్ని పక్కమీంచి లేపడానికి మిత్సుయోకున్నది ఆ ఒక్క మాటే. అదీ పోతే ఇక పగలూ రాత్రీ పక్కమీదే ఆయన, పక్కనే తను.

"గదంతా అదే ఆక్రమిస్తుందండీ."

"ఆక్రమించనీ. మనకింకేం పని గదితో?"

కొట్లో అమ్మాయి నవ్వుతూ వచ్చింది. "ఇదే పంపమంటారా అమ్మా?"

పెళ్లయిన దగ్గర్నుంచి బల్లకీ, కర్టెన్లకీ, టీవీకీ అన్నిటికీ "మీ ఇష్టం" అనే అంది మిత్సుయో. ఇప్పుడు కూడా ఆ మాటే నాలుక చివరికొచ్చింది. బలవంతాన మింగేసింది.

"కాదమ్మా. ఆ ఒంటిది పంపండి. నాకొక్కదానికే. కుట్టుగదిలో వేసుకుంటా."

యసునోరి లేచి కూర్చున్నాడు. "మరి నేనో?"

"మీరు పెద్దగదిలో. మీ పరుపు మీరే వేసుకోండి, మీరే మడుచుకోండి. మీ గురకా మీరే వినండి."

కొట్లో అమ్మాయి గబగబా దిండ్లు సర్దడానికి పోయింది. ఆయన ముఖం వాడిపోయింది. మిత్సుయోకి జాలేసింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. రైల్లో ఇంటిదాకా ఆయన నోరు మెదపలేదు. ఆ నిశ్శబ్దం ఆమెకి పండగలా ఉంది.

ఆదివారం చట్రం వచ్చింది. కదలకుండా ఉంటుందని యసునోరే గోడకి ఆనించి మరలు బిగించాడు. మిత్సుయో పరుపు పరుచుకుని గోడకి చేరగిలింది. కొత్త చెక్క వాసన. నా గది, అనుకుంది.

అంతలో నడవలో ఏదో ఈడుస్తున్న చప్పుడు. యసునోరి తన పరుపు కౌగిలించుకుని లోపలికొచ్చాడు. మిషను మూలకి నెట్టి, మంచానికీ తలుపుకీ మధ్య నేలమీద పరుపు పరిచాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

"ఏమిటండీ ఇది?"

"నువ్వు చెప్పినట్టే. నా పరుపు నేనే వేసుకున్నా." పడుకుని, ఆమెకేసి చూడకుండా అన్నాడు. "ఆ పెద్దగదిలో ఒక్కణ్ణే పడుకోవాలంటే భయమే మిత్సుయో. నిద్దట్లో ఏమన్నా అయితే ఎవరికి తెలుస్తుంది?"

మిత్సుయో చుట్టూ చూసింది. ఒక పక్క గోడ, ఇంకో పక్క ఆయన. తలుపు ఆయనకి అవతల.

"ఒకందుకు మంచిదేలే," అన్నాడు దుప్పటి సర్దుకుంటూ. "పొద్దున్నే నన్ను లేపడానికి నువ్వు మంచం దిగక్కర్లేదు. కాలితో ఒక్కటి తన్నితే చాలు."

ఎలాగోలా దాటిపోదామని మిత్సుయో కాలు కిందికి చాపింది. ఆయన ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని, "అబ్బ, మంచుగడ్డలా ఉందే," అంటూ తన దుప్పట్లోకి లాక్కున్నాడు.