కదలని కళ్ళు

మా అచ్చాఫీసు వెనకగదిలో పని దొరకాలంటే ఆడవాళ్ళకు ఉండాల్సిన అర్హత ఒక్కటే, చదువు రాకపోవడం. పరీక్షల ప్రశ్నపత్రాలు అక్కడే అచ్చయ్యేవి. పని అయిపోయిన సీసపు అక్షరాలను విడగొట్టి, దేని గడిలో దాన్ని వేయడం మా పని. చదువొచ్చినవాళ్ళు ముట్టుకుంటే ప్రశ్నలు బయటికి పొక్కుతాయని యజమాని భయం. మగవాళ్ళు చదివితే పొక్కవు కాబోలు, ముందుగదిలో అక్షరాలు కూర్చేవాళ్ళంతా మగవాళ్ళే.

వారం వారం మేస్త్రీ వచ్చి మా ముఖాల ముందు అచ్చుకాగితం పట్టేవాడు. మా కళ్ళనే చూసేవాడు. చదువొచ్చిన కళ్ళు వరస వెంట పరుగెడతాయట. చాటుగా అతన్ని డేగ మేస్త్రీ అనుకునేవాళ్ళం. నేను పుట్టకముందు నుంచీ అమ్మ ఆ గదిలోనే ఉంది. ఆమె కళ్ళు ఎన్నడూ కదల్లేదు.

నాకే కుదురు లేదు. ముందుగది నుంచి ఎవరైనా "ల నిండుకుంది" అని కేకేస్తే, అమ్మ ఏ గడిలో చెయ్యి పెడుతుందో చూసేదాన్ని. అలా ఒక్కో అక్షరమే పట్టేశాను. అయినా డేగకు దొరకలేదు. అందులో నా గొప్పేం లేదు, అతను పట్టిన కాగితం నాకు నిజంగానే అర్థమయ్యేది కాదు. దుకాణాల బోర్డులూ అంతే, తెలిసినట్టే ఉండి తెలియవు. అదేదో పెద్ద చదువు కాబోలు అనుకునేదాన్ని.

ఆడపిల్లలను టీచర్లుగా తయారుచేసే బడి తెరుస్తున్నారని విన్నాక నాకు కాలు నిలవలేదు. చదివి వినిపిస్తే చాలు సీటు ఇస్తారు, తిండీ బసా వాళ్ళవే. అమ్మతో అంటే మండిపడింది.

"పొక్కిందంటే ఉన్న పని ఊడుతుంది. నీదే కాదు, నాది కూడా."

అయినా సెలవు రోజున వెళ్ళాను. పెద్ద టీచరమ్మ పుస్తకం తెరిచి చేతికిచ్చింది. ఒక్క ముక్క తెలియలేదు. అక్షరాలన్నీ పెడమొహం పెట్టుకుని కూర్చున్నాయి. సీసం మీద అక్షరం అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటుందనీ, నేను నేర్చింది ఆ తిరగబడ్డదేననీ అప్పుడు బుర్రకెక్కింది. గదిలో అద్దాల బీరువా ఉంది. ఆవిడకు వీపు పెట్టి, పుస్తకాన్ని బీరువా వైపు తిప్పి, అద్దంలో కనిపించేది చదవడం మొదలుపెట్టాను. ఆపమనేదాకా చదివాను.

ఆవిడ నవ్వలేదు. "పిల్లలకు వీపు చూపిస్తూ పాఠం చెప్తావా? బడి తెరిచేలోగా తిన్నగా చదవడం నేర్చుకుని రా, సీటు ఉంచుతాను" అంది.

ఇక నిద్ర లేదు, నిలకడ లేదు. బోర్డులు, గోడలు, పొట్లం కాగితాలు, కంటపడ్డదల్లా చదివాను. తిన్నటి రాతకు కళ్ళు అలవాటుపడ్డాయి. ఆ అలవాటే కొంప ముంచింది. బడి తెరవబోయే ముందు డేగ మేస్త్రీ మామూలుగా కాగితం పట్టాడు. ఆపుకుందామనుకునేలోపే నా కళ్ళు వరస చివరిదాకా వెళ్ళి, కింది వరసలోకి కూడా దిగాయి.

అతను కాగితం మడిచి నన్ను లెమ్మన్నాడు. అమ్మ వైపు తిరిగి, కూతురికి చదువొచ్చని తెలుసా అని అడిగాడు. నా పని పోతే పోయింది, అమ్మ ఏం చేసి బతుకుతుంది?

"నాకేం తెలుసు బాబూ, అక్షరం ముక్క రానిదాన్ని" అంది అమ్మ తల ఎత్తకుండా. "నన్నూ మోసం చేసింది. పంపించెయ్యండి."

నా పని కాపాడమని ఎవరడిగారు? కానీ ఇంత తేలిగ్గా వదిలించుకుంటుందని అనుకోలేదు. కోపంగా నా సంచీ తీసుకున్నాను.

యజమానికి చెప్పి రమ్మనడానికి మేస్త్రీ గుమ్మంలోకి వెళ్ళి ఎవరినో పిలుస్తున్నాడు. అమ్మ వేళ్ళు గళ్ళ మీద చకచకా తిరిగాయి. బల్ల అంచున, నాకెదురుగా, నాలుగు సీసపు ముక్కలు వరసగా నిలబెట్టింది. తిన్నటి రాతకు అలవాటుపడ్డానేమో, పోల్చుకోవడానికి నాకు కాసేపు పట్టింది.

చదువుకో, అని ఉంది.

మేస్త్రీ మళ్ళీ లోపలికి వచ్చేసరికి ఆ నాలుగూ వాటి వాటి గళ్ళలో ఉన్నాయి. కాగితం విప్పి అమ్మ ముఖం ముందు పట్టాడు. అమ్మ కళ్ళు కదల్లేదు.