జైనబీ కుట్టిన సీటు

గ్రీజు గుడ్డలు వాషింగ్ మిషన్లో వెయ్యొద్దని రాబియా మేడం మొదట్లోనే చెప్పింది. అందుకని జైనబీ వాటిని పెరట్లో కిరసనాయిల్ బకెట్లో నానేసి, తర్వాత సబ్బునీళ్ళలో ఉతికేది. ఎంత తోమినా గోళ్ళ కింద నలుపు పోయేది కాదు. ఆ చేతులతో పిండి కలపొద్దని మేడం రబ్బరు గ్లోవ్స్ ఇచ్చింది. కిరసనాయిల్లో పెట్టడానికి కాదు, పిండి కలపడానికి. వచ్చిన కొత్తలో అయితే జైనబీ నవ్వుకునేదే. మస్కట్‌లో, ఖురంలోని ఈ ఇంటికొచ్చి ఏడాదిన్నర దాటాక ఆమెకు నవ్వూ రావడం మానేసింది, ఏడుపూ మానేసింది. పని మాత్రం వస్తూనే ఉంది.

ఆ గుడ్డలన్నీ కారువి. రషీద్ సాబ్ ఇంగ్లండులో చదువుకునే రోజుల్లో మనసుపడ్డ రేసుకారు. పాతికేళ్ళ నాటిదాన్ని పంతొమ్మిది వందల తొంభైలో ఓడ మీద తెప్పించుకున్నాడు. ఒక్క మనిషే పడతాడు. పైకప్పు లేదు. నాలుగు చక్రాలూ ఒంటికి ఎడంగా బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. దించిన రోజు అది కారులా లేదు, తుప్పుపట్టిన ఇనుప గొట్టాల గూడులా ఉంది. సాబ్ కంపెనీ షెడ్డులో మెకానిక్ ఖమరుద్దీన్‌ది నిజామాబాద్. సెలవైన గురు, శుక్రవారాల్లో వచ్చి దాన్ని ముక్క ముక్కగా విప్పాడు. విప్పిన ముక్కల్ని చూపించి సాబ్, "జైనబ్, ఇవి కూడా కడిగెయ్" అన్నాడు. గిన్నెల పక్కన గిన్నెలన్నట్టు. ఆమె మధ్యాహ్నం అందరూ పడుకున్నాక ఒక్కొక్కటే కడిగి, తీగ బ్రష్షుతో రుద్ది, ఏ చక్రానివి ఆ పళ్ళెంలో వరసగా పేర్చేది. ఇట్లా పేర్చమని ఎవరూ చెప్పలేదు. బాగుందనీ ఎవరూ అనలేదు.

సీటు చీకిపోయి వచ్చింది. మస్కట్‌లో కుట్టించిన రెండూ సాబ్ నడుముకు కుదరలేదు. మూడోది జైనబీ కుట్టింది. రాయచోటిలో వాళ్ళ నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఎనిమిదేళ్ళప్పుడే ఆమె చేతికి దబ్బనం ఇచ్చాడు. దస్తగిరితో పెళ్ళయ్యాక ఆ దబ్బనం మూలన పడింది. "మేము ఆ పని మానేసి రెండు తరాలాయ. నువ్వు మళ్ళా మొదులుపెట్టి మా పరువు తీయొద్దు" అంది అత్త. మొగుడు తలూపాడు. అతని అలవాటే అది, తల్లి అన్నదానికి తలూపడం. ఆరేళ్ళు గడిచినా కడుపు పండలేదు. గల్ఫ్ వీసా మాట వచ్చినప్పుడు మాత్రం అతనే అన్నాడు, "పిల్లాజెల్లా లేనిదానివి, ఈడుండి ఎవుర్ని సాకల్ల? యాడైనా చేసేది ఇంటిపనే గదా." ఆ మాటకు అప్పుడు గుండెలో ఎక్కడో కలుక్కుమంది. ఇప్పుడు తలుచుకుంటే ఎవరో ఎవరినో అన్నట్టుంది.

తోలు కింద దూది ఒత్తుగా కూరి, అడ్డకుట్లు దగ్గర దగ్గరగా వేసింది. సాబ్ కూర్చుని చూసుకుని, ఖమరుద్దీన్ భుజం తట్టాడు.

బ్రేకుల దగ్గర పని ఆగింది. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కుతుంటే ఇంకొకరు చక్రం దగ్గర గొట్టంలోని గాలి వదలాలి. సాబ్‌కు పది నిమిషాలకు మించి ఓపిక లేదు. ఖమరుద్దీన్ పొట్ట అందులో పట్టదు. జైనబీని కూర్చోబెట్టారు. "తొక్కు. పట్టు. ఇడువు." ఎన్ని శుక్రవారాలో ఆ మూడు మాటలే. లోపల గాలి ఉంటే పెడల్ మెత్తగా ఉంటుంది. పోయాక రాయిలా నిలబడుతుంది. కారులో కూర్చున్నానన్న సంబరం ఆమెకు ఒక్కసారీ కలగలేదు. ఆ తేడా మాత్రం పాదానికి తెలిసిపోయింది.

తొంభై రెండు జనవరిలో కారు సిద్ధమైంది. సహం అనే ఊరి వైపు, సముద్రం పక్కన కార్ల క్లబ్బువాళ్ళు చిన్న ట్రాక్ వేసుకున్నారు. ట్రెయిలర్ మీద కారును రెండు గంటలు తీసుకెళ్ళారు. వెనక బండిలో చాయ్ ఫ్లాస్కులు, సమోసాల డబ్బాలు, వాటి మధ్య జైనబీ. సాబ్ స్నేహితులు ఇరవై మంది దాకా వచ్చారు. ట్రాక్ తిన్నగా పోయి, రాళ్ళగోడ ముందు ఒక్కసారిగా తిరుగుతుంది.

కారు దించి బయల్దేరే గీత దాకా తోసేటప్పుడు స్టీరింగ్ పట్టుకోవడానికి ఖమరుద్దీన్ ఆమెనే ఎక్కమన్నాడు. ఎక్కింది. గీత దగ్గర ఆపడానికి బ్రేకు తొక్కింది. కారు ఆగింది. కానీ తొక్కి పట్టిన పెడల్ పాదం కింద మెల్లగా దిగుతోంది.

"అన్నా, పెడల్ దిగిపోతాండాది."

"నిన్ననే చూసిన చెల్లె, మంచిగనే ఉన్నది. లెవ్వు, సాబ్ వస్తుండు."

సాబ్ హెల్మెట్ పెట్టుకుని వచ్చి దిగమన్నాడు. మేడం అటువైపు నుంచి చాయ్ పొయ్యమని పిలిచింది. జైనబీ మళ్ళీ తొక్కింది. పెడల్ మళ్ళీ దిగింది. ఇన్నేళ్ళ బతుకులో ఎవరైనా లెయ్ అంటే ఆ మాట పూర్తయ్యేలోగా ఆమె లేచి నిలబడి ఉండేది. కంచం ముందునుంచి లేచింది, జ్వరంతో పడుకున్న మంచం మీదనుంచి లేచింది, సొంత ఊరునుంచే లేచి వచ్చేసింది. ఇప్పుడు ఒంట్లో భయం కోసం వెతుక్కుంది. లేదు. కోపమూ లేదు. పాదం కింద దిగిపోతున్న ఆ ఇనుప ముక్క ఒక్కటే నిజంలా ఉంది.

"చూడండి. చూసినాక లేస్తా" అంది హిందీలో.

ఎవరో నవ్వారు. సాబ్ మొహం ఎర్రబడింది. లేవమని రెండుసార్లు గట్టిగా అన్నాడు. నలుగురి ముందు ఆడమనిషి చెయ్యి పట్టి లాగలేక ఖమరుద్దీన్ వైపు చూశాడు. ఆమె స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని గోడ వైపే చూస్తూ కూర్చుంది. చివరికి ఖమరుద్దీన్ ఇసుకలో వెల్లకిలా పడుకుని కిందికి దూరాడు. బయటికొచ్చిన చేతికి నూనె అంటి ఉంది. వెనక చక్రం దగ్గర గొట్టం బిగింపు దారి కుదుపులకు వదులైంది. అతను పానా అందుకున్నాడు. బిగించి, నూనె పోశాక మళ్ళీ ఆ మూడు మాటలే. పెడల్ రాయిలా నిలబడ్డాక జైనబీ లేచి వెళ్ళి చాయ్ పోసింది.

కారు పది చుట్లు తిరిగింది. గోడ దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఆగీ ఆగనట్టు తగ్గి, మలుపు తిరిగి పోయింది. దిగాక సాబ్ మా మెకానిక్‌ది డేగ కన్నని, ఇవాళ ప్రాణం నిలబెట్టాడని అందరికీ చెప్పాడు. ఖమరుద్దీన్ తల వంచుకున్నాడు. ఫోటో తీసేటప్పుడు మేడం జైనబీని పక్కకు జరగమంది. జరిగింది.

సామాన్లు సర్దేటప్పుడు ఖమరుద్దీన్ దగ్గరికొచ్చి, "నువ్వే చూసినవని నేను చెప్పాల్సి ఉండె చెల్లె" అన్నాడు.

"ఉండె. చెప్పకపోతివి" అంది. అతని మీదా కోపం రాలేదు.

మూడో రోజు సాబ్ కాగితం తెచ్చాడు. ఆమె ఒప్పందం ఇంకో రెండేళ్ళు పొడిగించేది. దస్తగిరి సరేనని ఉత్తరం రాశాడట, ఆమె సంతకం పెడితే చాలట. జైనబీ కాగితం అందుకోలేదు. గడువు కాగానే పాస్‌పోర్టు, టికెట్ కావాలంది. మొగుణ్ణి అడిగావా అన్నాడు సాబ్. ఆయన నన్నడిగినాడా అంది.

సమాయిల్‌లో ఇంకో ఇంట్లో పనిచేసే నసీమా ఆ వారం కడపకు పోతోంది. ఆమె చేతికివ్వడానికి జైనబీ వంటింట్లో టేప్ రికార్డర్ ముందు కూర్చుని ఇంటికి ఉత్తరానికి బదులు ఒక క్యాసెట్ నింపడం మొదలుపెట్టింది. ఇంతకుముందైతే అత్త మోకాళ్ళ నుంచి మేకల దాకా అందరి కుశలం అడిగి, అరగంట మాట్లాడి, నేను బాగుండా అని ముగించేది.

"వచ్చే నెల వస్తాండా" అంది. "బస్టాండు కాడ అంగడి చూసుకోని ఆటోలకు, జీపులకు సీట్లు కుడతా. మీ ఇంటికి రాను."

టేపు ఇంకా చాలా మిగిలింది. అట్లాగే పంపించేసింది.