దుంగల మీద ఎర్ర కారు

కారు కింద నుంచి బయటికి చాచిన ఆ రెండు పాదాలను చూస్తే చాలు, జమునకు కాళ్లూ చేతులూ ఆడవు. బొగ్గుగని కార్మికుల సెంటినరీ కాలనీలో మిగతా ఇళ్ల మొగుళ్లు ఆదివారం పూట కోడికూర తిని ముసుగుతన్ని పడుకుంటారు. ఈమె మొగుడు భూపాల్ మాత్రం చాయ్ తాగిన గ్లాసు అలా పెట్టి, క్వార్టర్ ముందు రేకుల పందిరిలో నిలబెట్టిన ఎర్ర కారు కిందికి దూరిపోతాడు. వారమంతా భూమి లోపల ఉండే మనిషికి సెలవు రోజన్నా నెత్తి మీద ఆకాశం ఉండొద్దా? ఈ మాట ఆమె అడగని ఆదివారం లేదు, అతను నవ్వి తప్పించుకోని ఆదివారమూ లేదు.

జమున భయం ఊరికే పుట్టింది కాదు. ఆమె తండ్రి పోశం కూడా గని కార్మికుడే, లోపల పైకప్పు కూలి చనిపోయాడు. ఆమె అప్పటికి బడికి పోయే పిల్ల. బొగ్గుపెళ్లల కింద నుంచి మొదట పాదాలే కనపడ్డాయని పెద్దవాళ్లు అనుకుంటుంటే ఆ పిల్ల చెవిన పడింది. తర్వాత మళ్లీ గని మనిషికే, సొంత మేనబావకే ఇచ్చి చేశారు. డ్యూటీ అన్నాక తప్పేది కాదు కనుక ఆ భయాన్ని రోజూ అన్నం ముద్దతో పాటు దిగమింగుకోవడం నేర్చుకుంది. కానీ ఇంటి ముందు, కొని తెచ్చుకున్న బరువు కింద, కావాలని మనిషి పడుకోవడం ఏం చోద్యం?

ఆ కారు వచ్చిన తీరు కూడా చోద్యమే. కరీంనగర్‌లో ఒక కాంట్రాక్టరు ఇంటి వెనక ఎండకూ వానకూ పడి ఉన్న విదేశీ కారు అది. రెండే తలుపులు, రెండే సీట్లు. మూతి నేలకు ఆనుకుని ఉంటుంది. మన రోడ్ల మీద చిన్న గతుకొచ్చినా పొట్ట గీరుకోవాల్సిందే. మీటరు రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. కొడుకు సరదాపడి కొన్నాడనీ, సరదా తీరాక దాని మొహం చూడటం లేదనీ కాంట్రాక్టరే చెప్పాడు. మోటారు సైకిలు మీద పోయేటప్పుడు వెనక లారీ వస్తే దిగి పక్కకు నిలబడే మనిషి భూపాల్. అతనికి రేసు కారు ఎందుకో జమునకు అంతు పట్టలేదు.

"దాని సప్పుడు కోసం," అన్నాడు భూపాల్. "చిన్నప్పటి సంది మనసుండె. గసొంటి బండి నా చేతుల మోగాలె."

కొనే ముందు జమునను వెంటబెట్టుకుని పోయి, కాంట్రాక్టరు ఇంటి వెనకే ఇంజను స్టార్టు చేయించి, బానెట్ మీద రెండు అరచేతులూ ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. "ఇంకొంచెం తొక్కు తమ్మీ, ఇంకొంచెం," అని కాంట్రాక్టరు డ్రైవరును బతిమాలాడు. ఆ రొదకు ఇరుగుపొరుగు వాళ్లు గోడల మీద నుంచి తొంగి చూశారు. జమున రెండు చెవులూ మూసుకుంది. భూపాల్ ముఖం మాత్రం ఇంకా ఏదో కావాలన్నట్టే ఉంది.

లారీ మీద వేసి తెచ్చిన రోజు నుంచి దానికి చాకిరీ మొదలైంది. రేడియేటర్ కారుతుంటే మాట్లు వేయించాడు. బ్రేకులు విప్పి మళ్లీ బిగించాడు. సైలెన్సరు తుప్పు పట్టి చిల్లులు పడితే గోదావరిఖని నుంచి వెల్డింగు చేసే మనిషిని పిలిపించాడు. ఆ రోజు బండి స్టార్టు చేస్తే పక్క క్వార్టర్‌లో ఎడ్వర్డ్ ఇంటి గోడ మీది పటం కింద పడింది. ఎడ్వర్డ్ పంపు ఆపరేటరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. కోపం తెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. గోడ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"తమ్మీ, మా ఇంట్ల ప్రార్థన నడుస్తున్నది. దేవునికి మా మాట ఇనపడాలెనా వద్దా?"

"ఏడుందన్నా సప్పుడు?" అన్నాడు భూపాల్ దిగులుగా. "సన్నగ గురక వెట్టినట్టున్నది. ఇంక జర పని ఉన్నది దీనికి."

ఎడ్వర్డ్ జమున వైపు చూశాడు. జమున ఎడ్వర్డ్ వైపు చూసింది. ఈ మనిషి ఎప్పుడూ ఇంతే, ఎంతిచ్చినా చాలదు అనుకుని ఇద్దరూ నవ్వుకున్నారు.

నవ్వు రానిది దుంగల దగ్గరే. కారును జాకీతో లేపి, దాని కింద నీలగిరి దుంగలు పెట్టి పని చేస్తాడు. ఒక పక్క అడ్డంగా నిలువుగా పేరుస్తాడు. రెండో పక్క మెసలడానికి చోటు కావాలని ఒకే దుంగను నిటారుగా నిలబెడతాడు, అచ్చం గనిలో పైకప్పుకు దన్ను పెట్టినట్టే. గ్యారేజీల్లో వాడే ఇనుప స్టాండ్లు తెప్పిస్తానని ఎడ్వర్డ్ చెప్పాడు. జమున కూడా బతిమాలింది. భూపాల్ వింటేనా?

"ఇనుము దొంగది. ఇరిగేదాక ఏం చెప్పది," అన్నాడు. "కట్టె గట్ల గాదు. బరువు మీద వడ్డప్పుడు ముందుగాల చిటపటమంటది. బయటికి పో అని టైమిస్తది. ఇరవై ఏండ్ల సంది కట్టెనే నమ్మి లోపలికి పోతున్న నేను."

అందులో అబద్ధం లేదు. గనిలో పాతకాపులంతా ఆ మాటే అంటారు. పైకప్పుకు దన్నులు పెట్టే పనిలో భూపాల్‌కు పేరుంది. ఒకసారి దుంగ గొణిగిన శబ్దం అందరికంటే ముందు విని, గ్యాంగు మొత్తాన్ని వెనక్కి తరిమాడు. వాళ్లు ఇవతలికి వచ్చారో లేదో, పైకప్పు దిగింది. ఆ గ్యాంగులో చిన్నవాడు కిషన్ ఇప్పటికీ ఇంటికి వస్తే ఆ సంగతే చెప్తాడు. "భూపాలన్న చెవులు ఉన్నంతసేపు మాకేం ఫికర్ లేదు వదినా," అంటాడు. ఆ మాట విన్నప్పుడల్లా జమునకు కాస్త ఊపిరి ఆడేది. తన మనిషి నమ్మే కట్టెను తనూ నమ్మాలని చూసేది.

అయినా మనసు ఊరుకోదు కదా. భూపాల్ కారు కింద ఉన్నంతసేపూ వంటింట్లో నుంచి "బావా" అని పిలిచేది. "ఆఁ" అంటే చాలు, గిన్నెల్లో గరిటె మళ్లీ కదిలేది. ఈ మధ్య ఆ "ఆఁ" కూడా కరువైంది. రెండు పిలుపులకు పలక్కపోతే చేతి తడి కొంగుకు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి, కాలి బొటనవేలు గిల్లేది. అతను ఉలిక్కిపడి కాలు ముడుచుకునేవాడు. "పలకవేంది? గుండె జారిపోయింది నాకు," అని తిట్టేది. పనిలో పడితే ఈ మగవాళ్లకు లోకమే పట్టదని, ముక్కు చీదుకుంటూ మళ్లీ లోపలికి పోయేది.

ఒక శనివారం సాయంత్రం వాన దంచి కొట్టింది. తెల్లారి ఆదివారం. పందిరి కింది నేల కూడా మెత్తబడింది. అంతకు ముందు వారమే గేరుబాక్సు దించి క్లచ్ ప్లేటు మార్చాడు. ఇక దాన్ని ఎక్కించి బిగిస్తే బండి రోడ్డెక్కుతుందని భూపాల్‌కు ఒకటే ఆత్రం.

"నేల ఆరనీ బావా. వచ్చే ఆదివారం జేసుకో," అన్నది జమున.

"వారం సంది గిదే మాట. ఇయ్యాల అయిపోతది, ఇగ నీ పరేషాన్ సుత వోతది," అని కిందికి దూరాడు.

జమున పప్పుకు పోపు వేసింది. ఆవాలు చిటపటలాడాయి. పప్పులో కలిపి మూత పెట్టింది. చిటపట ఆగలేదు. బాణలి వైపు చూసింది. అందులో ఒక్క ఆవగింజ కూడా లేదు. పొయ్యి ఆపేసింది. ఇంకా వినపడుతోంది. ఉండి ఉండి ఒక్కో చిటుకు. కిటికీలో నుంచి వస్తోంది.

ఆమె చేతిలో గరిటెతోనే బయటికి ఉరికింది. నిటారుగా నిలబెట్టిన దుంగ ఒక పక్కకు వాలి ఉంది. నడిమధ్యలో సన్నటి చీలిక తెరుచుకుంటోంది. చూస్తుండగానే ఇంకో చిటుకు, ఇంకో చిటుకు. కట్టె ఏం దాచుకోవడం లేదు. గొంతెత్తి చెప్తోంది.

"బావా, బయటికి రా! దుంగ ఇరుగుతున్నది!"

పాదాలు కదల్లేదు. కింద పానా తిప్పుతున్న చప్పుడు అట్లాగే సాగుతోంది. పైగా కూనిరాగం ఒకటి. జమున గొంతు చిరిగేలా మళ్లీ అరిచింది. కూనిరాగం ఆగలేదు. ఇక ఆమె ఆలోచించలేదు. గరిటె పారేసి, రెండు కాళ్లూ దొరకబుచ్చుకుని, ఉన్న బలమంతా పెట్టి లాగింది. కింద పరిచిన పాత రబ్బరు బెల్టు మీద ఆయిలు కారి జారుడుగా ఉంది కనుక సరిపోయింది. మనిషి బరబరా బయటికొచ్చాడు. నుదురు బంపరుకు తగిలి గీరుకుపోయింది.

"పిచ్చి లేసిందా నీకు?" అని భూపాల్ లేవబోయాడు. "తల పగిలేదుండె గద..."

ఆ మాట పూర్తి కాలేదు. దుంగ ఫెళ్లున విరిగింది. ఎర్ర కారు ఒక పక్కకు ఒరిగి దభీమని నేలకు కూలబడింది. ఇందాక అతని ఛాతీ ఉన్న చోట ఇప్పుడు చెయ్యి దూరే సందు కూడా లేదు.

జమున కింద కూర్చుండిపోయింది. భూపాల్ కారు చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. తర్వాత వంగి విరిగిన దుంగ ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. లోపలంతా చెద తినేసిన గుల్ల. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. అతని ముఖంలో భయం కంటే కినుకే ఎక్కువగా ఉంది.

"చెద వట్టింది సరే. అయినా చెప్పాలె గద," అన్నాడు. "ఇరిగే ముందు ఒక్క సప్పుడన్న జెయ్యాలె గద. ఏం చెప్పలే ఇది."

"చెప్పింది బావా," అన్నది జమున. "వంటింట్ల పొయ్యి కాడికి ఇనబడ్డది నాకు."

భూపాల్ ఆమె పెదవుల వైపు చూస్తున్నాడు. ఎడ్వర్డ్ గోడ దగ్గరికి వగర్చుకుంటూ వచ్చాడు. "ఎవలికన్న దెబ్బ తాకిందా? నేను సుత ఇన్న తమ్మీ, చానా సేపటి సంది చిటుకు చిటుకుమంటున్నది. పిల్లలు పటాకులు కాలుస్తున్నరనుకున్న." ఎవరికీ ఏమీ కాలేదని చూసుకుని, దేవునికి దండం పెట్టి, నీళ్లు తెస్తానని లోపలికి పోయాడు.

భూపాల్ దుంగ ముక్కను కింద పెట్టాడు. తల వంచుకుని మెట్టు మీద కూర్చున్నాడు. అప్పుడు జమునకు అన్నీ ఒక్కొక్కటిగా గుర్తుకొచ్చాయి. పలకని పిలుపులు, గురక అన్న ఇంజను, బానెట్ మీద ఆనించిన అరచేతులు. తను ఇన్నాళ్లూ ఎక్కడ భయపడాలో అక్కడ భయపడలేదు. తెల్లారితే సోమవారం, మొదటి షిఫ్టు.

"గని లోపల సుత గిట్లనేనా, ఏం ఇనబడదా?" అని అడిగింది.

అతని తల వంగి ఉంది. జమున దగ్గరికి జరిగి, గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తి, మళ్లీ అదే మాట అడిగింది.

"ఎప్పటి సందో నాకే తెల్వది," అన్నాడు భూపాల్. "డ్రిల్లు మిషిన్ కాడ జేసినన్ని రోజులు చెవులల్ల ఒకటే గుయ్యిమనేది. కొన్ని రోజులకు అది సుత బందయింది. మంచిగైంది అనుకున్న."

"మరి పైకప్పు? దుంగలు చెప్తయంటివి గద?"

"కిషన్ మొఖం సూస్త," అన్నాడు భూపాల్. "వాడు ఉలిక్కిపడితే ఏదో సప్పుడైందని సమజైతది. ఎన్కకు రండ్రి అని నేను ముందు మొత్తుకుంట. వాళ్లేమో నేనే ఇన్న అనుకుంటరు."

కిషన్ ఏ ఫికరూ లేకుండా ఈ మనిషి చెవులను నమ్ముకుని లోపలికి దిగుతున్నాడు. ఈ మనిషేమో కిషన్ ముఖాన్ని నమ్ముకుని దిగుతున్నాడు. కిషన్ ఒక్కసారి అటు తిరిగి ఉంటే? వాడు కూడా తనలాగే, భూపాలన్న ఉన్నాడు కదా అని ఏమరుపాటుగా ఉంటే? వాడికి నిరుడే పెళ్లయింది. వాడి పెళ్లాం చీర కొంగు సర్దుకుంటూ ఇదే మెట్టు మీద కూర్చుని చాయ్ తాగింది.

"ఎందుకు చెప్పలే బావా? నాకన్న చెప్పొద్దా?"

"చెప్తే అన్‌ఫిట్ అంటరు. పైన చీపురు వట్టుకొని తిరిగే పని ఇస్తరు. భూపాల్ చెవులు పోయినయట అని అందరంటరు. గా మాట వడలేననుకున్న." అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. "ఇయ్యాల నువ్వు గుంజకపోతే నేనొక్కన్నే పోతుంటి. లోపలైతే అందరం పోతుంటిమి గద."

జమున కొంగుతో అతని నుదుటి మీది నెత్తురు అద్దింది. కోపం ఎంత ఉందో జాలి అంతే ఉంది, ఏది ముందు చూపాలో ఆమెకు తెలియలేదు. భూపాల్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"పొద్దుగాల మేనేజర్ దగ్గరికి వోవాలె," అన్నాడు. "కిషన్ వాళ్లు లోపలికి దిగకముందే చెప్పాలె. నువ్వు సుత రా జమునా."

"మీ ఆఫీసుల నేనేం జేస్త బావా?"

"ఆ సారు తల వంచుకొని రాసుకుంట మాట్లాడ్తడు," అన్నాడు భూపాల్. "ఏమంటున్నడో నాకు ఇనబడది."