రొయ్యల చెరువు పాఠం

మంగళవారం తెల్లవారుజామున ఐదింటికి కైకలూరు దాటాక ఉన్న ఒక చెరువులో రొయ్యలు చనిపోయాయి. నీళ్లలో ఆక్సిజన్ పడిపోయింది. గాలి కొట్టే ఏరియేటర్లు తిరగలేదు.

ఎనిమిదింటికి విజయవాడ భవానీపురంలో లక్ష్మీకాంత్ ఫోను మోగింది. అతను ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం తెలుగులో బొమ్మల వీడియోలు చేస్తాడు. ఫోను చేసింది గుడివాడ హాస్టల్లో ఉండి డిప్లొమా చదివే చిట్టిబాబు. చెరువు అతని తండ్రి ఎల్లారావుది.

"సార్, మీ 'ఇఫ్' పాఠం చూసే ఏరియేటర్లకి ప్రోగ్రామ్ రాశాను. ఎక్కడ తప్పు చేశానో చూసి చెప్తారా? నాన్న నాతో మాట్లాడట్లేదు. చదువు మానేసి వచ్చి చెరువు కాపలా కాయమన్నాడంట. అమ్మ చెప్పింది."

ఆ పాఠంలో ఉన్నది రొయ్యల చెరువే. మీటరులో ఆక్సిజన్ తగ్గితే ఏరియేటర్లు తిరగాలి, లేకపోతే ఆగాలి. ఇంక బెంగ లేదని రైతు బొమ్మ గట్టు మీద మంచమేసుకుని గుర్రు పెడుతుంది. ఆ గుర్రు లక్ష్మీకాంత్ తన గొంతుతోనే పెట్టాడు. మీటరే తప్పు చూపిస్తే ఏం చేయాలని వీడియో కింద ఎవరో అడిగారు. తర్వాతి పాఠంలో చెప్తానని రాశాడు. ఆ పాఠం చేయలేదు. ఎక్కువమంది చూస్తారని వేరే పాఠానికి వెళ్లిపోయాడు.

చిట్టిబాబు పంపిన ప్రోగ్రామ్, రాత్రి మీటరు చూపిన అంకెలు చదివాడు. వీడియోలో చెప్పింది చెప్పినట్టు రాసి ఉంది. నీళ్లలో ముంచిన మీటరు కొనకు పాచి పట్టి, ఆక్సిజన్ సరిపడా ఉన్నట్టు రాత్రంతా ఒకే అంకె చూపింది. ప్రోగ్రామ్ ఆ అంకెను నమ్మింది. ఎల్లారావు ప్రోగ్రామ్‌ను నమ్మి పడుకున్నాడు.

లక్ష్మీకాంత్ తిరిగి ఫోను చేశాడు.

"మీటరుకి పాచి పట్టిందేమో చిట్టిబాబూ."

"అంటే నేను శుభ్రం చేయాల్సింది కదా సార్. తప్పు నాదేనన్నమాట."

లక్ష్మీకాంత్ కాదనలేదు. మళ్లీ మాట్లాడతానని పెట్టేశాడు.

"ఎవరండీ?" అంది భార్య సింధూరి.

"స్టూడెంటు. నా పాఠం బాగా అర్థమైందట."

"మరి ఆ మొహమేంటి?"

మధ్యాహ్నం ఎల్లారావు చెరువుకి వెళ్దామని బండి తీశాడు. హనుమాన్ జంక్షన్‌లో టీ కొట్టు దగ్గర ఆగి చిట్టిబాబుకు మెసేజ్ రాయబోయాడు. రాసిన ప్రతిసారీ అందులో తన తప్పు కన్నా మీటరే ముందుకొచ్చింది. చెరిపేసి బయల్దేరాడు.

ఎల్లారావు గట్టు పక్కన గుంటలో చచ్చిన రొయ్యల మీద సున్నం చల్లుతున్నాడు.

"ఏ కంపెనీ అండీ? మేతా, మందులా? ఏదైనా సరే, ఆలస్యంగా వచ్చారు."

"కంపెనీ కాదండి. మీ అబ్బాయి చూసిన బొమ్మల వీడియో చేసింది నేను."

ఎల్లారావు సున్నం చల్లడం ఆపాడు. "మావోడు నాకూ చూపించాడండి. చూడు నాన్నా, అచ్చం నీలాగే గుర్రు పెడుతున్నాడన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం."

"ప్రోగ్రామ్‌లో మీవాడి తప్పు లేదండి. మీటరు తప్పు చూపిస్తే ఏం చేయాలో పాఠంలో నేను చెప్పలేదు. ఒకరు అడిగారు కూడా. అయినా చెప్పలేదు."

"ఈ మాట వాడికి చెప్పారా?"

"లేదండి. పొద్దున మీటరు మీదికి నెట్టేశాను."

"ఇంత దూరం వచ్చి నాకు చెప్తే ఏం లాభమండీ? ముందు వాడికి చెప్పండి."

లక్ష్మీకాంత్ అక్కడే నిలబడి ఫోను చేశాడు. తప్పు తన పాఠంలో ఉందని, ఆ సంగతి పొద్దున్నే తెలిసినా చెప్పలేదని అన్నాడు.

"ఇది మా నాన్నకి చెప్తారా సార్?"

"చెప్పాను. పక్కనే ఉన్నారు."

ఎల్లారావు చేయి పంచెకు తుడుచుకుని ఫోను అందుకున్నాడు.

"రేపు కాలేజీ ఉందా?"

ఉందన్నాడు చిట్టిబాబు.

"వెళ్లు."

ఫోను తిరిగిచ్చి, సున్నం బస్తా దగ్గరకు నడిచాడు. ఆయన ఇంకేమైనా అంటాడేమోనని లక్ష్మీకాంత్ చీకటి పడేదాకా గట్టు మీదే ఉన్నాడు. ఎల్లారావు అతనితో మళ్లీ మాట్లాడలేదు.