ఊ అంటే మొదటికే

నేను ఒక వీడియో ఆటని. అరచేతిలో ఇమిడే బూడిదరంగు ప్లాస్టిక్ డబ్బాలో ఒక రాజ్యాన్నీ, రెండు సముద్రాల్నీ, చచ్చేంతమంది రాక్షసుల్నీ కుక్కి నన్ను తయారుచేశారు. పుట్టింది జపానులో. బయటి దేశాలకు పంపితే ఎవరికీ అర్థం కానని నా కంపెనీవాళ్లే తేల్చేసి, అక్కడే ఉంచేశారు. ఒళ్లు మండింది. ఒకచోట కూర్చోబెడితే కూర్చునే రకాన్ని కాను నేను.

అందుకే, ఓడలో వంట చేసే పోలరాజు కోబే రేవులో పాత సామాన్ల కొట్లో నన్నూ, నన్ను ఆడించే మెషీన్నూ కొన్నప్పుడు ఎగిరి గంతేశాను. విశాఖపట్నం చేరాను. వాళ్ల టీవీలో నా రంగులన్నీ పోయి బొమ్మ నలుపు తెలుపుల్లో వణికింది. సరే, అదీ ఓర్చుకున్నాను.

పోలరాజుకు నా భాష రాదు. కొట్టువాడు చెప్పిన ఒక్క ముక్కే తెలుసు: తెరమీద ప్రశ్న పడితే రెండక్షరాలది అవును, మూడక్షరాలది కాదు. ఇంటికొచ్చి కూతురు నూకరత్నానికి దాన్ని తన పద్ధతిలో చెప్పాడు.

"పొట్టిది ఊ, పొడుగుది ఊహూ. కథ సెప్తన్నప్పుడు ఊ కొట్టాల గదేటే? మరి ఊ నొక్కీ."

అంతే! సెలవుకి వచ్చినప్పుడల్లా నా బొమ్మలు చూసి తోచిన కథ అల్లేవాడు. ఆ పిల్ల ఊ నొక్కుతూ పోయేది. కొండగుహలో రాక్షసరాజు నా భాషలో, "కత్తి పారేసి ఇంటికి పోతావా?" అని అడుగుతాడు. ఊ! వీరుడు బయల్దేరిన ఊళ్లోనే తేలతాడు. "కథ కంచికి, మనం ఇంటికి" అని తండ్రీకూతుళ్లు చప్పట్లు కొట్టి నన్ను ఆపేసేవారు. మీ దుంపతెగ! గుహ అవతల ఇంకా సగం కథ ఉంది, రెండో సముద్రం ఉంది. ఏళ్ల తరబడి మొదటికే వచ్చి పడుతుంటే నాకు పిచ్చెక్కింది.

నూకరత్నం పెద్దదయ్యాక పోలరాజుకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఊ ఒక్కటే మిగిలింది. అన్నం తింటావా? ఊ. నొప్పా? ఊ. నీ పేరు సూర్రావా? ఊ.

"బుర్ర కూడా పోనాదే అమ్మా. ఏటడిగినా ఊ అనేత్తన్నాడు. ఇంక మనిసి లేడనుకో" అంది అతని అక్క గౌరమ్మ, అతని ముందే.

నూకరత్నం ఒప్పుకోలేదు. నా దుమ్ము దులిపి తండ్రి మంచం ఎదురుగా పెట్టింది. ఈసారి కథ ఆమె చెప్పింది, ఆయన ఊ కొట్టాడు. రోజూ సాయంత్రం ఇదే పని. రాజుకి ఊ, దొంగకి ఊ, మేకకీ ఊ. ఆ ఊ వెనక మనిషి ఉన్నాడో లేడో తెలియక ఆమె నలిగిపోయింది. చెప్పొద్దూ, నాకూ తెలియలేదు.

గుహ వచ్చింది. రాక్షసరాజు ప్రశ్న తెరమీద పడింది.

"అయిపోనాది నానా. ఇంటికెళ్లిపోదుమా?"

ఆయన పెదవులు వంకరపోయాయి, మెడమీద నరాలు లేచాయి.

"ఊ... హూ."

"ఏటన్నావు?"

"ఊహూ."

ఆమె పొడుగుది నొక్కింది. గుహ గోడ పగిలి రెండో సముద్రం తెరుచుకుంది. ఇన్నేళ్లూ దాచుకున్న పాట ఎత్తుకున్నాను. ఒక్కరైనా తెరవైపు చూస్తేనా! తండ్రి ముఖం రెండు చేతుల్లో పట్టుకుని ఆమె ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది.

"నొప్పిగుందా?"

"ఊహూ."

"నీ పేరు సూర్రావా?"

"ఊహూ."

"బుర్ర పోనాదా నానా నీకు?"

"ఊహూ!"

గుమ్మంలో గౌరమ్మ "ఓలమ్మో" అని నోరు నొక్కుకుని ఏడ్చింది. నూకరత్నం కళ్లు తుడుచుకుంది.

"అలిసిపోనావు. ఆపీనా మరి?"

"ఊహూ."

అప్పుడు గానీ ఆ ఇద్దరూ నా వైపు తిరగలేదు.