శుక్రవారం వస్తే పోయే నెట్టు

ధర్మవరంలో రాధ గీసిన అంచంటే ఒక లెక్క. మగ్గం మీద పడాల్సిన నెమలిని, మామిడిపిందెను ముందు కంప్యూటర్లో గీసి బెంగళూరు బట్టల కొట్టుకు మెయిల్లో పంపేది. వాళ్లు సరేనంటే ఆ బొమ్మ ప్రకారం బెజ్జాల అట్టలు కొట్టించి భర్త బసవరాజు మగ్గానికి ఎక్కించేవాడు. అందుకనే మిద్దె మీద యాంటెనా పెట్టించారు. కొండ మీది టవరు నుంచి నెట్టు గాలిలో దానికి అందేది. కింది గదిలో, తీగలు పెట్టే వైపు పైకి ఉండేలా గోడకు బిగించిన రూటరు దాన్ని కంప్యూటరుకు ఇచ్చేది.

వారమంతా బంగారంలా పనిచేసే ఆ రూటరుకు శుక్రవారం వచ్చేసరికి ఏ గాలి సోకేదో తెలిసేది కాదు. రాధ పొద్దున్నే చుట్టుపక్కల మగ్గాలకు అట్టలిచ్చి తిరిగొచ్చేసరికి దాని దీపాలన్నీ వెలుగుతుండేవి, నెట్టు మాత్రం ఉండేది కాదు. పెనుకొండ నుంచి నెట్టు కంపెనీ మనిషి నాగేంద్ర మర్నాడు వచ్చి బాగుచేసేవాడు. అప్పటికి డిజైను ఆలస్యమయ్యేది.

రెండోసారి వచ్చినప్పుడు నాగేంద్ర తల గోక్కున్నాడు. "యూజర్ నేమూ లేదు, పాస్‌వర్డూ లేదు. కొన్ననాడు ఎట్లుండెనో అట్లే అయిపోయిండాదక్కా. ఈ బెజ్జంలో పుల్ల పెట్టి ఒత్తితేనే ఇట్లయ్యేది."

"నేను తప్ప దాని జోలికి పోయేవాళ్లు ఈడ ఎవరుండారప్పా? సరే, ఎట్ల చేస్తాండావో నాకు చూపించిపో. పాస్‌వర్డూ చెప్పిపో."

చెప్పకపోతే వదిలే మనిషి కాదని అతనికి తెలుసు. చెప్పాడు. రాధ ఒక్కసారి చూసి నేర్చుకుంది. చూసిన అంచును మర్చిపోని బుర్రకు అదొక లెక్కా?

కానీ బెంగళూరు కొట్టువాళ్లు ఫోనులో తెగేసి చెప్పారు. పెళ్లి చీరల డిజైను ఈ శుక్రవారం మధ్యాహ్నానికి రాకపోతే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. ఆ పని పోతే మగ్గం నిలిచిపోతుంది. రాధకు భయం వేయలేదు, ఒళ్లు మండింది. అత్త మునెమ్మ మీద అనుమానం. యాంటెనా పెట్టిననాడు "గాలిని నమ్ముకుని సంసారం చేస్తారా" అన్నది ఆమే మరి.

ఆ శుక్రవారం రాధ గడప దాటలేదు. కంప్యూటరు గది కనిపించేలా మగ్గం చాటున కూర్చుంది.

మునెమ్మ తలస్నానం చేసి, మగ్గానికి బొట్టు పెట్టి, కంప్యూటరు గదిలోకి వెళ్లింది. వెలిగించిన ఊదుకడ్డీని తీసుకెళ్లి రూటరు పైనున్న చిన్న బెజ్జంలో గట్టిగా గుచ్చింది. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరి మళ్లీ వెలిగాయి. నాలుగు మాటలు అనేద్దామని రాధ విసురుగా గుమ్మం దాకా వచ్చింది.

మునెమ్మ కళ్లు మూసుకుని చేతులు జోడించి ఉంది. "నా కోడలు చేసే పని నిలబడాల తల్లీ. దాని చెయ్యి ఆడితేనే మా మగ్గం ఆడేది."

రాధ కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

"ఏందత్తా ఇది?" అంది మెల్లగా.

"మగ్గానికి పెట్టి దీనికి పెట్టకుంటే ఎట్లమ్మా? ఇదీ మనకు కూడు పెడుతుండాది కదా. చేసినోళ్లు తెలిసినోళ్లే, ఊదుకడ్డీ నిలబెట్టేదానికి బెజ్జం గూడా పెట్టినారు. కాలిపోయినాక పుల్ల తీసి బూడిద తుడిచేస్తాండాలే."

రాధ నవ్వాపుకుంది. వంటింట్లోంచి అరటిపండు తెచ్చి కంప్యూటరు పక్కన పెట్టింది. "ఒట్టి పొగ పెడితే ఎవరికి కడుపు నిండుతుందత్తా? పండు పెట్టి, కడ్డీ దాంట్లో గుచ్చాల."

"అవునే. నాకు తోచనేలేదు చూడు" అంటూ మునెమ్మ కడ్డీ పీకి పండులో గుచ్చింది.

రాధ కుర్చీలో కూర్చుంది. నాగేంద్ర చూపించినట్టే రూటరు పేజీ తెరిచి, యూజర్ నేమూ పాస్‌వర్డూ కొట్టింది. కడ్డీ సగం కాలకముందే నెట్టు వచ్చింది, డిజైను వెళ్లింది. అన్నం తినే వేళకు జవాబూ వచ్చింది.

"ఏమంటాండారు?" మునెమ్మ అడిగింది.

"బాగుండాదంట. ఇంకా పంపమంటాండారు."

మునెమ్మ రూటరు వైపు చూసి తృప్తిగా తల ఊపింది. "నేను మొక్కింది ఊరికే పోతుందా?"

"పోదత్తా" అంది రాధ. ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.